సీటు కింది పెట్టె

ఎడ్ల జత కన్న తక్కువ ధరకే వచ్చింది.
రిటైరయిన సర్కిల్ సారొకాయన
కండ్లు మసకేసినంక వదిలిచ్చుకున్న రివాల్వర్,
పిడి చెక్క ఒకదిక్కు చీలి, నల్లటేపు చుట్టి.
కాయితాలు నా పేరు మీదికి మారెటందుకు మాత్రం
కమిషనరాఫీసు మెట్లు పదకొండు నెలలు ఎక్కిన.

పెట్టెకే ఎక్కువ కష్టమైంది.
హంటర్ రోడ్డు పక్క వెల్డింగు షాపుల మందపు రేకుతోటి చేపిచ్చి
నాలుగు బోల్టులేసి బొలెరో అడుగుకు బిగిపిచ్చిన.
"గింత సామానుకు గంత పెట్టెనా ఓదేలన్నా?"
స్టీరింగు మీద చెయ్యేసి నవ్విండు యాకూబ్ పాషా.
కుక్క చిన్నదైనా గొలుసు ఇనుపదే ఉండాలె అన్న.

ఎనుమాముల యార్డుల పత్తి కాంటాలు అయ్యేటాల్లకు
సంచిల పైసలు, సంచి మీద నాగభూషణం సేటు కండ్లు,
సేటు ఎనుక నేను.
పరకాల, హుజూరాబాదు, జమ్మికుంట.
లారీలకెల్లి రాలిన దూది
తోవ పొడుగూతా తుమ్మముండ్లకు పట్టుకొని ఊగుతది.

చాయ్ దుకాణం కాడ పోరగాండ్లు అడుగుతరు:
ఒక్కపారి చూపియ్యి కాకా, ఫోటో దిగుతం.
పెండ్లి ఆల్బమా బిడ్డా, చూపిచ్చెటందుకు?
పటాలంల పదిహేడేండ్లు చేసిన.
చూపిచ్చిన తుపాకి సగం పేలినట్టే అనెటోడు మా సుబేదారు.
మిగిలిన సగం గురించి ఆయన చెప్పలే,
నేను అడుగలే.

రోహిణి కార్తెల బండి లోపల పొయ్యి,
పెట్టె మూత అట్లపెంక.
గుండ్లు అండ్ల ఉంచ.
బామ్ డబ్బీల ఆరు, పైజేబుల.
పొద్దుగూకితె తువ్వాల పరిచి లెక్కవెడత.
ఆరు. మల్లొకసారి. ఆరు.
మా సరోజన అంటది:
పిల్లల వయసులు అడిగితే తడుముకుంటవు గని
వీటి లెక్క మాత్రం తప్పవు.
నిజమే.
పిల్లలు తప్పిపోతే పేరు పెట్టి పిలిస్తే వస్తరు.

ఓట్లప్పుడు మిల్స్ కాలనీ ఠాణాల అప్పజెప్పి
రశీదు మడిచి పెట్టుకుంట.
ఆ నలభై దినాలు ఎల్లెలుకల పండుకొని
గుర్రు కొడతనట.
సేటుకు నిద్ర రాదు.

మొన్న, బడికి సెలవని,
యాకూబ్ తన బిడ్డను ఎక్కిచ్చుకొచ్చిండు.
నౌషీన్, ఆరేండ్లది. వద్దన్న. వినలే.
జమ్మికుంటల జిన్నింగు మిల్లు గేటు బయట
సేటు లోపల బేరంల, యాకూబ్ టైరు కాడ,
నేను బండికి పది అడుగుల దూరం.
రంగుపెన్సిల్ జారి సీటు కిందికి దొర్లింది,
పిల్ల దాని ఎంబడి.
ఇనుము మీద చిన్న వేళ్ల చప్పుడు,
ఎవరింటికో చుట్టమొచ్చి తలుపు కొట్టినట్టు.
"మామా, ఇండ్ల ఎవరుంటరు?"

తాళం ఏసిన్నా?
పొద్దుగాల ఏసిన. రోజూ ఏస్త.
రోజూ చేసేదే యాదికుండదు.
మొలతాడుకు చెయ్యి పోయింది, తాళపుచెవి ఉంది.
చెవి ఉన్నంత మాత్రాన తాళం పడ్డట్టు కాదు గద.
పది అడుగులు.
మంచుకొండల మీద మోకాళ్ల దాక దిగబడి నడిచిన గని
అంత దూరం ఎన్నడు నడువలే.

వంగి గుంజి చూసిన.
పడే ఉంది.

"నా భయం ఉంటది బిడ్డా, అండ్ల."
"బయటికి రాదా?"
"రాదు."
"పాపం, ఎప్పటికీ చీకట్లనేనా?"
దానికి ఏం చెప్పాల్నో తెల్వక
ఆకుపచ్చ పెన్సిల్ తీసి చేతిల పెట్టిన.
గోడనీడల కూసోని పత్తిచెట్టుకు ఆకులు దిద్దింది.
దూదికి రంగెందుకని వదిలేసింది.

ఏం కాలే.
పేపర్ల రాదు, ఠాణాల రాదు,
యాకూబ్‌కు గూడ తెల్వదు.
ఏం కాకపోవుడే నా కొలువు.
ఆ రాత్రి తువ్వాల మీద
ఆరు గుండ్లు ఏడుసార్లు లెక్కవెట్టిన.

తెల్లారి ఇంకో తాళం కొన్న, తొంబై రూపాయలు.
సేటు జీతంల పట్టుకున్నడు.
"ఉన్న తాళం మంచిగనే ఉంది గదనయ్యా" అన్నడు.
ఉంది సేటూ.
ఉంది.